ఇప్పచెట్టు కింద నిప్పు

కెరండిమాల్ కొండలో ఒక ఎలుగుబంటి నన్ను ఆపి బీడీ అడిగిందని ఛత్రపూర్ ఆఫీసులో చెప్పాను. ఇంట్లో చెప్పినప్పుడు మాత్రం అది టైము అడిగిందన్నాను, ఎందుకంటే బీడీలు మానేశానని మా ఆవిడకి అప్పటికే ఇంకో కథ చెప్పి ఉన్నాను. ఆఫీసువాళ్ళు నవ్వారు. మా ఆవిడ నవ్వలేదు. "మీరు చెప్పిందాంట్లో సగం తీసేసి, మిగిలినదాంట్లో సగం నమ్ముతాను. కొండకి వెళ్ళారన్నది నమ్ముతున్నాను, చొక్కా నిండా పల్లేరుకాయలున్నాయి కాబట్టి" అంది.

వెళ్ళేవాణ్ణి నిజమే. బరంపురంలో మా డాబా మీంచి ఆ కొండ కనిపిస్తుంది. ప్రతి ఎండాకాలం దాని మీద ఎర్రటి గీత ఒకటి పాకుతుంటుంది. దూరం నుంచి చూస్తే ఎవరో కొండకి దండ వేసినట్టుంటుంది. చిన్నప్పుడు నాకూ అందంగానే కనిపించేది. అది రిజర్వు ఫారెస్టు కాలడమని తెలిశాక డాబా ఎక్కి చూడ్డం మానేశాను. మానేస్తే మాత్రం ఆగుతుందా. అందుకని ఆదివారాలు స్కూటరు మీద కొండ కిందికి వెళ్ళి, పిక్నిక్కులవాళ్ళు పారేసిన సీసాలూ విస్తళ్ళూ గోనెసంచిలోకి ఏరేవాణ్ణి. అడవిని కాపాడ్డానికి సీసాలు ఏరితే సరిపోతుందని నేనేం అనుకోలేదు. నాకు చేతనైంది అదే.

కొండ కింద ఉన్న ఊళ్ళో నాకు ఒక్క మనిషే తెలుసు. మా వీధికి ఎండుచేపలు తెచ్చే ఆవిడ. పుట్టింది సోనేపూర్‌లో, సముద్రం ఒడ్డున. ఎండు నెత్తళ్ళు అమ్ముకోవడానికి కొండ కింద సంతకి వెళ్తూ వెళ్తూ ఆ ఊరి ఒడియా కుర్రాణ్ణి మనువాడి అక్కడే ఉండిపోయింది. ఆ కుర్రాడు ఇప్పుడు నడివయసు మనిషి, సూరత్‌లో మగ్గాల మిల్లులో పని. ఏడాదికోసారి వస్తాడు, వచ్చిన నెల నిద్రపోతాడు, వెళ్తాడు. ఆవిడ నాకంటే కొంచెం పెద్దది. నేను అప్పా అంటాను, ఆవిడ బాబూ అంటుంది.

"ఏటి బాబూ, ఆదోరం పూట మా కొండమీద గోనేసుకుని సీసాలేరుతున్నావంట. ఉజ్జోగం ఊడిపోనాదేటి?" అని మా గుమ్మంలోనే, మా ఆవిడ ఎదురుగానే అడిగింది మొదటిసారి.

"ఊడలేదప్పా. సర్కారే నన్ను కొండకి కలెక్టరుగా వేసింది."

"మరి జీపేదీ?"

"ఎలుగుబంటి తీసుకెళ్ళింది."

"నెత్తళ్ళు తీసుకో అమ్మా, ఈయన కాడ ఇవాల నిజం దొరకదు" అంది మా ఆవిడతో.

ఆవిడ వల్లే నాకు కర్ర సంగతి తెలిసింది. ఆ ఊళ్ళో ఠెంగపాలి అని ఒక ఆచారం ఉంది. ఒడియాలో ఠెంగా అంటే కర్ర, పాలి అంటే వంతు. ఒక వెదురుకర్ర ఇల్లిల్లూ తిరుగుతుంటుంది. సాయంత్రం ఏ గడపకి ఆనించి ఉంటే మర్నాడు ఆ ఇంటి మనిషి ఆ కర్ర పట్టుకుని కొండంతా తిరిగి కాపలా కాయాలి. గొడ్డలి పట్టుకుని ఎవరొచ్చారు, పొగ ఎక్కడ లేచింది, అన్నీ చూడాలి. పొద్దు వాలేటప్పటికి ఊరివాళ్ళు ఊరంతా కలిసి భాగవతం చదువుకునే భాగవత ఘరం అరుగు మీద కూర్చుంటారు. కర్ర పట్టినవాళ్ళు అక్కడ నిలబడి చూసింది చెప్పాలి. చెప్పాక కర్రని పక్కింటి గడపకి ఆనించి ఇంటికి పోవాలి. ఫారెస్టు గార్డు ఒక్కడు, కొండ అంత. కొన్ని తరాల కిందట నరికేసి బోడిగుండు చేసిన ఆ వాలు మీద మళ్ళీ చెట్లు నిలబడ్డాయంటే ఆ కర్ర పుణ్యమే.

కర్ర ఆగే ఇల్లే ఆ ఊళ్ళో ఇల్లు. ఆగని ఇంటికి అడవిలో ఇప్పచెట్టు లేదు, ఎండుకట్టె లేదు, పెళ్ళికి పిలుపు వచ్చినా చివర్లో వస్తుంది. మొగుడు సూరత్ వెళ్ళాక కర్ర ఈవిడ గడప దాటి వెళ్ళిపోవడం మొదలుపెట్టింది. సముద్రపు మనిషికి కొండ ఏం తెలుసని వాళ్ళ మాట. ఈవిడ ఊరుకోలేదు. రోజూ సాయంత్రం వెళ్ళి అరుగు కింద నేలమీద కూర్చునేది. తిట్టేది కాదు, అడిగేది కాదు, చేపల బుట్ట పక్కన పెట్టుకుని కూర్చునేది, అంతే. ఆ వాసన భరించలేక ఒప్పుకున్నారని నేను ఆఫీసులో చెప్పాను కానీ అది నా కల్పన. ఎందుకు ఒప్పుకున్నారో నాకు తెలీదు. ఒకనాటి సాయంత్రం కర్ర ఆవిడ గడపకి ఆనించి ఉంది. సోనేపూర్‌లో కొత్త తెడ్డుకి చేసినట్టు ఆవిడ దానికి పసుపు రాసి బొట్టు పెట్టిందట. ఊరంతా నవ్వారట. పక్కింటివాళ్ళు మాత్రం ఆ పసుపు తుడవలేదు.

మొన్నటి ఎండాకాలం, ఎండలు ముదిరిన రోజుల్లో ఆవిడకి మోకాలు వాచింది. ఆదివారం తన పాలి. మా ఇంటికి ఫోను చేసింది, మా ఆవిడ ఎత్తింది.

"అమ్మా, బాబునోపాలి నాకు తమ్ముణ్ణి సెయ్యాల."

"ఏమిటీ?"

"ఆదోరం నా పాలమ్మా. నాను కొండెక్కనేను. సుట్టాలెవలైనా నా బదులెల్లొచ్చు గాని, బయిటోలు కూడదు. అందికే ఒక్క రోజు తమ్ముడవుతాడని."

"ఒక్క రోజేం ఖర్మ, ఉంచేసుకోండి" అని మా ఆవిడ ఫోను నాకిచ్చింది.

ఆదివారం పొద్దున్నే ఆ ఊరు వెళ్ళాను. భాగవత ఘరం దగ్గర ఊరి పెద్ద కూర్చుని పళ్ళు తోముకుంటున్నాడు. ఆయన్ని అందరూ మౌసా అంటారు, అంటే బాబాయి లాంటి పిలుపు. నన్ను పైకీ కిందికీ చూసి కుంటుతూ నా వెంట వచ్చిన ఆవిణ్ణి ఒడియాలో అడిగాడు, ఈయన నీకు తమ్ముడెలా అయ్యాడని.

"మా ఇద్దరిదీ తెలుగే కదా మౌసా" అంది ఆవిడ.

"గోపాల్‌పూర్ నుంచి ఇచ్ఛాపురం దాకా అందరిదీ తెలుగే. అందరూ నీ తమ్ముళ్ళేనా?"

"పిలిస్తే వచ్చినోడే తమ్ముడు."

ఆయన నోట్లోంచి పుల్ల తీసి ఉమ్మేసి, సరే ఎక్కమన్నాడు. అబద్ధమని ఆయనకీ తెలుసు, పక్కన కూర్చున్న ఆడవాళ్ళకీ తెలుసు. ఎవరికీ నష్టం లేని అబద్ధమని వదిలేశారు.

ఆ కర్ర చేతికొచ్చాక నా నడక మారింది. సంచి పట్టుకుని సీసాలేరేటప్పుడు నేలనే చూసేవాణ్ణి. కర్ర పట్టుకుంటే తల పైకెత్తాల్సి వచ్చింది. అడుగు వేస్తే ఎండుటాకులు అప్పడాల్లా విరుగుతున్నాయి. ఎక్కడ నిప్పురవ్వ పడినా చాలు. ఊరివాళ్ళు అపురూపంగా పెంచుకున్న వాలు మీద లేత చెట్లు, మనిషెత్తువి, ఇద్దరు మనుషుల ఎత్తువి, ఒకదాన్నొకటి తోసుకుంటూ నిలబడి ఉన్నాయి. పైన రాళ్ళగుట్ట ఎక్కి చూస్తే గోపాల్‌పూర్ వైపు సముద్రం తెల్లటి గీతలా కనిపించింది. కింద, ఊరికీ అడవికీ మధ్య, ఇప్పచెట్లు. ఒక్కొక్క చెట్టు కింద నల్లటి గుండ్రటి మచ్చ.

ఆ మచ్చలు బూడిదవి. ఇప్పపువ్వు తెల్లవారగట్ల రాలుతుంది. ఆకుల మధ్య పడితే ఏరడం కష్టం. అందుకని ప్రతి ఇల్లూ తన చెట్టు కింద ఆకులకి నిప్పు పెట్టి నేల శుభ్రం చేసుకుంటుంది. వంతు వచ్చిన రోజు కర్ర పట్టుకుని పొగ కోసం వెతికేదీ వాళ్ళే, మర్నాడు పొద్దున్నే చెట్టు కింద అగ్గిపుల్ల గీసేదీ వాళ్ళే. రెండూ ఒకే చేత్తో చేస్తారు. ఎవరికీ ఇందులో తప్పేమీ కనిపించదు, ఎందుకంటే చెట్టు కింద నిప్పు నిప్పు కాదు, అది ఊడ్చుకోవడం.

నేనలా చూస్తుండగానే చివరి చెట్టు కింద పొగ లేచింది. మొదట సన్నగా లేచి, తర్వాత కొండవైపు వంగింది.

ఆ చెట్టు ఎవరిదో నాకు తెలుసు, పొద్దున కర్ర చేతికిస్తూ ఆవిడే చూపించింది.

పరుగున దిగాను. ఆవిడ పచ్చి కొమ్మ పట్టుకుని మంటని కొడుతోంది. చీరచెంగు ఒక పక్క కమిలిపోయి ఉంది. కుంటుతూ ఒకవైపు ఆర్పుతుంటే ఇంకోవైపు మంట పొదల్లోకి దూరి, వాలు ఎక్కుతోంది.

"గాలి మల్లీసింది బాబూ" అంది, నాకు జవాబు చెప్తున్నట్టు కాదు, గాలితోనే తగువాడుతున్నట్టు. "మద్దేనం దాకా గాలి సముద్రం ఏపే పోవాల. సముద్రం గాలి రావాలంటే పొద్దు నడినెత్తికి రావాల. పుట్టిన కాణ్ణించి సూస్తన్నాను."

సోనేపూర్ ఇసుకలో ఆవిడ లెక్క ఎప్పుడూ తప్పి ఉండదు. పడవలు ఆ లెక్క మీదే వెళ్ళొస్తాయి. కొండ దగ్గర గాలికి ఇంకో లెక్క ఉంది. ఎండ తగిలి రాయి వేడెక్కగానే లోయలో గాలి పైకి పాకుతుంది, సముద్రం కోసం ఆగదు. ఊళ్ళో మిగతావాళ్ళు ఎండ రాకముందే కాల్చుకుని ఇంటికి పోతారు. ఈవిడ మోకాలు ఈడ్చుకుంటూ వచ్చేటప్పటికి ఆలస్యమైంది. అయినా గాలి తనకి తెలుసన్న ధైర్యం.

నేను అరిచాను. ఊరు వచ్చింది. కొమ్మలు విరిచి వరసగా నిలబడి కొట్టాం. మౌసా అందరికంటే ముందు నిలబడ్డాడు, కనుబొమలు కాలిపోయినా వెనక్కి తగ్గలేదు. గార్డు ఆకులు ఊదే మిషను వీపున వేసుకుని వచ్చేటప్పటికి మంట రాళ్ళగుట్ట దాకా వెళ్ళి, ఇక తినడానికి ఏమీ లేక తనే ఆగిపోయింది. లేత చెట్లున్న వాలంతా నల్లబడింది. నాకు ఇప్పటికీ గుర్తున్నది ఆ వాసన. రాలిన ఇప్పపూలు కాలి, బెల్లం పాకం మాడినట్టు, తియ్యటి వాసన. ఊపిరి పీల్చాలంటే సిగ్గేసింది.

బోరింగు దగ్గర మొహాలు కడుక్కున్నాం. ఎవరు చేశారని ఎవరూ అడగలేదు. అడిగే చోటు వేరే ఉంది, సాయంత్రం. అందరూ వెళ్ళాక ఆవిడ బోరింగు గట్టు మీద కూర్చుంది.

"అరుగు కాడ ఏటి సెప్తావు బాబూ?"

"ఏం చెప్పమంటావు?"

"నువ్వు సూసింది సెప్తే ఆ కర్ర మరి నా గడపకి రాదు."

"అయితే చూడంది చెప్తాను. నాకు అదే బాగా వచ్చు."

ఆవిడ ఒప్పుకోలేదు, వద్దనలేదు. కమిలిన చెంగుని నీళ్ళల్లో ముంచి పిండుకుంటూ కూర్చుంది.

పొద్దు వాలాక అరుగు నిండింది. నేను కర్ర పట్టుకుని నిలబడ్డాను. చూసింది చెప్పమన్నాడు మౌసా. ఆ కనుబొమలు లేని మొహం చూస్తూ మొదలుపెట్టాను. బరంపురం నుంచి మోటారుసైకిళ్ళ మీద ఎవరో కుర్రాళ్ళు వచ్చారని, రాళ్ళ పొయ్యి పెట్టి కోడిని కాల్చుకున్నారని చెప్పాను. ఇక్కడితో ఆపితే సరిపోయేది. ఊరు నమ్మడానికి సిద్ధంగానే ఉంది. పట్నం కుర్రాళ్ళ మీద నింద వేస్తే ఎవరికీ బాధ లేదు, సీసాలు పారేసేది వాళ్ళే కదా. పైగా ఆ మాట అన్నది కర్ర పట్టిన మనిషి. పుట్టి బుద్ధెరిగాక నా మాటని ఇంతమంది ఒక్కసారిగా నమ్మడం అదే మొదలు. ఆ రుచికి నాలుక ఆగలేదు. కోడి వాసనకి ఎలుగుబంటి వచ్చిందన్నాను. అది పొయ్యి పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చుంటే కుర్రాళ్ళు పొయ్యి ఆర్పకుండానే పరిగెత్తారన్నాను. ఒక కుర్రాడు తన మోటారుసైకిలు వదిలేసి పక్కవాడిది ఎక్కాడన్నాను.

ఎవరో నవ్వారు. తర్వాత ఇంకొకరు. పొద్దుటినుంచీ పొగ మింగినవాళ్ళు, నవ్వు ఆపుకోలేకపోయారు. ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. మౌసా కూడా తల వంచుకున్నాడు, భుజాలు కదిలాయి.

"నవ్వకండి" అంది ఆవిడ ఒడియాలో. అరుగు కింద, ఒకప్పుడు బుట్ట పెట్టుకుని కూర్చున్న చోటే, గోడ పట్టుకుని లేచి నిలబడింది. "కొండ కాలిపోతే నవ్వుతారేంటి."

నవ్వులు ఆగాయి. ఆవిడ నావైపు తిరిగి తెలుగులో అంది. "నా పాలిది ఆ కర్ర. అది పట్టుకుని నువ్వాడిన అబద్దం నాదవుద్ది బాబూ. ఎలుగు నేదు, కోడీ నేదు." మళ్ళీ మౌసా వైపు తిరిగి ఒడియాలో చెప్పేసింది, నా చెట్టు కింద నేనే నిప్పు పెట్టాను, గాలి తిరిగింది, పట్టుకోలేకపోయాను అని.

ఆడవాళ్ళు నేల చూస్తున్నారు. నాకు ఉండబట్టలేదు. "మౌసా, పైనుంచి చూశాను. ప్రతి చెట్టు కిందా బూడిదే ఉంది" అన్నాను.

"ఉంది" అన్నాడు ఆయన. "మా ఇంటి చెట్టు కిందా ఉంది. ఆ నిప్పులు చెట్టు నీడ దాటలేదు బాబూ. ఇది దాటింది."

ఆయన కోపంగా అన్లేదు. కాలిన వాలు మళ్ళీ పచ్చబడేదాకా ఆ గడపకి కర్ర ఆగదన్నాడు. అందాకా ఆ ఇంటివాళ్ళు అడవిలో కాలు పెట్టకూడదు. ఇప్పచెట్టు పక్కింటివాళ్ళు చూసుకుంటారు. చెప్పి, నా చేతిలో కర్ర తనే తీసుకున్నాడు. ఆ సాయంత్రం ఆయనే దాన్ని పక్కింటి గడపకి ఆనించాడు.

ఆవిడ మా వీధికి రావడం మానలేదు. మోకాలు తగ్గింది. చేపలు తూస్తూ మామూలుగానే కబుర్లు చెప్పేది. ఒకసారి మా ఆవిడ కర్ర సంగతి అడిగితే, "ఆలు మంచోలేనమ్మా. పొద్దున్నే కర్రట్టుకుని ఎల్లేటప్పుడు నా గుమ్మం ఎదర ఈది అటేపు నుంచి ఎల్తారు, నాను సూసి బాదపడతానని. అదే కస్టంగా ఉంటాది" అంది. తర్వాత నెత్తళ్ళ బేరంలో పడిపోయింది.

అడవిలోకి తను వెళ్ళకూడదు. తమ్ముణ్ణని ఒక్కరోజుకి ఒప్పుకున్న నన్ను మాత్రం ఎవరూ ఆపలేదు. సర్కారు అడవి, పట్నం మనిషి, సీసాల సంచి. వానలు పడ్డాక ప్రతి ఆదివారం ఆ వాలు ఎక్కేవాణ్ణి. దిగేటప్పటికి ఆవిడ ఊరి చివర కల్వర్టు మీద కూర్చుని ఉండేది.

"ఏటైనా ఉందా?"

మొదట్లో గడ్డి మాత్రమే ఉంది. గడ్డే ఉందని చెప్పాను. తర్వాత కాలిన మొదళ్ళ పక్కనుంచి ఎర్రటి చిగుళ్ళు లేచాయి. అదీ చెప్పాను. ఒక్క ఆకు ఎక్కువ చెప్పలేదు. చెప్పాలని నోరు ఊరేది. అంత ఆశగా చూసే మొహానికి ఇంత అబద్ధం పోస్తే ఏం పోయిందని అనిపించేది. కానీ ఆవిడ తన ఇంటికి ఏ రోజు కర్ర వస్తుందో ఆ మాటల మీదే లెక్క కట్టుకుంటోంది.

మొన్నటి ఆదివారం వెళ్ళేటప్పటికి చిగుళ్ళు చాలా చోట్ల లేవు. తుంచేసినట్టు కాడలు మాత్రం ఉన్నాయి. నేల మీద పెంటికలు. పైన రాళ్ళ దగ్గర ఇంకా మేస్తున్నాయి మేకలు. కొమ్ములకి పసుపుపచ్చ రంగు. ఆ రంగు ఊళ్ళో ఒక్క ఇంటిదే, మౌసా ఇంటిది. అదిలించాను. అవి నన్ను చూసి, సీసాలేరుకునేవాడే కదా అన్నట్టు మళ్ళీ తల వంచాయి.

కల్వర్టు దగ్గర చెప్పాను. చిగుళ్ళు పోయాయి, మేకలు తిన్నాయి అని.

"ఎవలివి?"

చెప్పాను.

ఆవిడ రోడ్డు వైపు తిరిగింది. నేనే అన్నాను, "సాయంత్రం అరుగు దగ్గరికి వస్తాను. ఈసారి ఎలుగుబంటి లేకుండా చెప్తాను. కొమ్ముల రంగుతో సహా."

"నువ్వు సూడనేదు బాబూ."

"చూశానప్పా."

"మేకలు సూసేవు. ఎవలివో నీకు తెల్దు." గొంతు తగ్గించింది. "మౌసాని అరుగు మీద నిలబెడితే, ఆ వాలు అడివంతా పచ్చబడినా మరి నాను ఈ ఊళ్ళో ఉండనేను."

అరుగు దగ్గర నా అబద్ధాన్ని మోయలేనన్న మనిషే ఈవిడ. నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలీలేదు. ఆవిడ కల్వర్టు దిగి ఇంటికి నడిచింది. నేను వెళ్ళిపోదామని స్కూటరు తిప్పుతుంటే ఆగమని చెయ్యి ఊపింది. పెరట్లో రేగుకంప ఉంది. కత్తి తీసుకుని కొమ్మలు కొట్టడం మొదలుపెట్టింది. కొట్టినవి కొట్టినట్టు గోనెపట్టా మీద వేసి, తాడు కట్టి, దారిలోకి లాగింది. అడవి హద్దురాయి దగ్గర ఆగిపోయింది.

"మిగిలిన సిగుల్ల సుట్టూ పెట్టు. మొదలికి దగ్గిరగా కాదు, బెత్తెడు ఒగ్గి పెట్టు."

తాడు అందుకున్నాను. ఎక్కుతుంటే ముళ్ళు ఆకుల్లో ఈడుస్తూ శబ్దం చేశాయి. పైనుంచి చూస్తే ఆవిడ ఇంకా హద్దురాయి ఇవతలే నిలబడి ఉంది, ఎటు పెట్టాలో చేత్తో చూపిస్తూ. అంత దూరానికి ఆ చెయ్యి ఏం చెప్తోందో నాకు అర్థం కాలేదు. బతికున్న మొక్క కనిపించిన చోటల్లా కంప పెట్టుకుంటూ పోయాను.